లిమరిక్ కౌన్సిల్‌కు పోటీ చేయదలచిన మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. స్థానిక ఎన్నికల్లో నిలబడాలన్న నీ ఆలోచన తెలిసి మీ పిన్నీ, నేనూ ఎంతో సంతోషించాము. పౌరసత్వం రాలేదని నీవు వెనుకాడనవసరం లేదు. ఐర్లాండ్‌లో నివసిస్తున్న 18 ఏళ్లు నిండిన వారెవరైనా స్థానిక ఎన్నికల్లో ఓటు వేయవచ్చు, పోటీ కూడా చేయవచ్చు.

అయితే నామినేషన్ వేసే ముందు జిమ్ కెమ్మీ గారి జీవితాన్ని శ్రద్ధగా చదువు. రాతిపని మేస్త్రీగా బతుకుతూ, మేస్త్రీల సంఘంలో పనిచేస్తూ 1974లో ఈ నగర కౌన్సిల్‌లో అడుగుపెట్టిన ఆయన, 1981లో గానీ పార్లమెంటు దిగువ సభ అయిన డాయిల్‌కు చేరలేదు. నా దృష్టిలో నీవు నేర్చుకోవలసినది ఆ ఏడేళ్ల నుంచే.

1982 జనవరిలో పిల్లల బట్టలకూ చెప్పులకూ పన్ను వేసిన బడ్జెట్‌ను, ప్రధాని గారెట్ ఫిట్జెరాల్డ్ స్వయంగా దగ్గరకు వచ్చి నచ్చజెప్పినా ఒప్పుకోక, కెమ్మీ గారు వ్యతిరేకించారు. 82కు 81గా, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వమే పడిపోయింది. అదే ఏడాది నవంబరులో, గర్భస్రావాన్ని నిషేధించేందుకు తలపెట్టిన రాజ్యాంగ సవరణను వ్యతిరేకిస్తూ ఎన్నికల్లో నిలబడి, తన డాయిల్ స్థానాన్ని పోగొట్టుకున్నారు. అయినా కౌన్సిల్ పనిని వదలలేదు. 1987లో డాయిల్‌కు మళ్లీ గెలిచారు, ఆ తరువాత 1991లోనూ, 1995లోనూ మేయరయ్యారు. అప్పట్లో మేయరును కౌన్సిలర్లే ఏడాదికొకసారి ఎన్నుకునేవారు. 2024 నుంచి లిమరిక్‌లో మాత్రం ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు. ఆ పదవి మీదికి ఇప్పుడే మనసు పోనివ్వకు.

ఇక ప్రచారం సంగతి. ఇక్కడి ఓటరు బ్యాలెట్ మీద 1, 2, 3 అని వరుస అంకెలు వేస్తాడు. లెక్కింపులో వెనుకబడి పోటీ నుంచి తొలగించబడిన అభ్యర్థి ఓట్లు ఆ వరుసలో తరువాతి వారికి బదిలీ అవుతాయి. అందుచేత ఎవరైనా గుమ్మంలో నిలబడి “నా మొదటి ఓటు వేరొకరికి” అంటే, నమస్కరించి వెనుదిరగకు. “రెండవది నాకు ఇస్తారా అండీ?” అని మర్యాదగా అడిగి, వారి వీధిలో ఆగిపోయిన కాలువో, వెలగని దీపమో ఏమిటో కనుక్కుని, పుస్తకంలో ఇంటి నంబరుతో సహా రాసుకో. మన తెలుగువాళ్ల ఇళ్లకు చివరన వెళ్లు. వారు ఎలాగూ తలుపు తీస్తారు.

శనివారం పొద్దున్నే రా. మా వీధితోనే మొదలుపెడదాము, నేనూ వెంట నడుస్తాను.

ఇట్లు,
మీ బాబాయి