కొత్త ఇంట్లో హెల్త్ ఫాసెట్ పెట్టుకునే ముందు

చిరంజీవి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

న్యూజెర్సీలో ఇల్లు కొన్నారనీ, మీ అత్తగారూ మామగారూ గుంటూరు నుండి వస్తున్నారనీ తెలిసి చాలా సంతోషించాను. వాళ్లు వచ్చేలోపు టాయిలెట్లలో నీళ్ల వసతి ఎలా చేయాలని అడిగావు. దానికి హెల్త్ ఫాసెట్, అంటే కడుక్కోవడానికి కమోడ్ పక్కన తగిలించే చేతి స్ప్రే, సరిపోతుంది. ఇది ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కనుక వివరంగా రాస్తున్నాను.

నీళ్లు వాడటం మన అలవాటుకే కాదు, ఇంటి గొట్టాలకు కూడా మంచిది. 1992లో చేసిన చట్టం ప్రకారం అమెరికాలో కొత్తగా తయారయ్యే కమోడ్లు ఒక్కో ఫ్లష్‌కు సుమారు 6 లీటర్లకు మించి నీళ్లు వాడకూడదు. ఆ కొద్ది నీళ్లతో గుప్పెళ్లకొద్దీ కాగితం కదలాలంటే కష్టం. కడుక్కున్నాక తడి తుడుచుకోవడానికి రెండు మూడు ముక్కల కాగితం చాలు. అదీ వద్దనుకుంటే మనిషికొక చిన్న నూలు తువ్వాలు పెట్టి, వేడి నీళ్లలో ఉతుక్కోవచ్చు.

అయితే అక్కడి ఇల్లు మన ఇల్లు కాదు. మన బాత్రూముల్లో నేల వాలుగా ఉండి, మూలన తూము ఉంటుంది కనుక చెంబెడు నీళ్లు ఒలికినా ఎవరూ పట్టించుకోరు. అక్కడి చాలా ఇళ్లలో టైల్సు కింద ఉండేది చెక్క. టాయిలెట్లో తూము ఉండదు. మేడ మీద ఒలికిన నీళ్లు కింది గది కప్పులో మరకలై కనిపిస్తాయి. ఈ సంగతి మీ అత్తగారికి మొహమాటపడకుండా మొదటి రోజే చెప్పు.

హెల్త్ ఫాసెట్‌కు గోడ పగలగొట్టనక్కర లేదు. కమోడ్ పక్కనున్న వాల్వు కట్టేసి, ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చేశాక, ట్యాంకు అడుగున ఉన్న గొట్టం ఊడదీసి, మధ్యలో ఇత్తడి టీ-వాల్వు (మూడు మూతులున్న వాల్వు) బిగించాలి. దాని పక్క మూతికి స్ప్రే గొట్టం తగిలిస్తారు. ట్యాంకు మర ప్లాస్టిక్‌ది కనుక చేత్తో బిగించి, ఆపైన పానాతో కొద్దిగా తిప్పితే చాలు. బలమంతా చూపిస్తే మర పగులుతుంది. నీరు ఆపేది లోపలి రబ్బరు వాషరే కాబట్టి అది సరిగ్గా కూర్చుందో లేదో చూడు. నీళ్లు వదిలాక ప్రతి అతుకు కిందా పొడి కాగితం ఒకటి పరిచి, మర్నాడు ఉదయం చూడు. అది తడిసి ఉంటే మళ్లీ బిగించాల్సిందే. గోడ వాల్వు పాతబడి తిరగడానికి మొరాయిస్తే మాత్రం దాంతో కుస్తీ పట్టకుండా ప్లంబరును పిలిచి మార్పించు.

ఈ లేఖలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకో: వాడిన ప్రతిసారీ టీ-వాల్వు కట్టేయాలి. స్ప్రే మీట వదిలినంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే వాల్వు తెరిచి ఉన్నంతసేపూ ఆ సన్నని గొట్టం మీద ఇంటి నీటి ఒత్తిడంతా ఉంటుంది. మీరిద్దరూ ఆఫీసులో ఉండగా అది చిట్లిందంటే సాయంత్రానికి ఇల్లు చెరువవుతుంది. స్ప్రే తల కమోడ్ లోపలికి వేలాడకుండా, అంచుకు పైన ఉండేలా కొక్కేనికి తగిలించు. లేకపోతే ఒత్తిడి తగ్గినప్పుడు మురికి నీరు మంచినీటి గొట్టంలోకి వెనక్కి పీల్చుకునే ప్రమాదం ఉంది. చలికాలంలో ఆ నీళ్లు ముట్టుకోలేనంత చల్లగా వస్తాయి. పెద్దవాళ్ల గదికి మాత్రం నీళ్లు వేడిచేసే బిడే సీటు (కూర్చున్నచోటే నీళ్లు చిమ్మి కడిగే కమోడ్ సీటు) పెట్టించు, కాకపోతే దానికి దగ్గరలో కరెంటు ప్లగ్గు కావాలి.

ఇక వైప్స్, అంటే పొట్లాల్లో వచ్చే తడి తుడుపు గుడ్డలు. పొట్లం మీద ‘ఫ్లష్ చేయవచ్చు’ అని రాసి ఉన్నా కమోడ్‌లో వేయనివ్వకు. నమ్మకం కుదరకపోతే రెండు సీసాల్లో నీళ్లు పోసి, ఒకదానిలో టాయిలెట్ పేపరు, ఇంకొకదానిలో వైప్ వేసి బాగా కుదిపి చూడు: కాగితం పీచుపీచుగా విడిపోతుంది, వైప్ చాలావరకు గుడ్డలాగే మిగులుతుంది. వంటింటి పేపర్ టవళ్లు, ముఖం తుడుచుకునే టిష్యూలు కూడా తడిసినా చిరగకుండా తయారుచేసినవే. 2020 మార్చిలో దుకాణాల్లో టాయిలెట్ పేపరు దొరక్క జనం వీటి మీద పడినప్పుడు, వాటిని ఫ్లష్ చేయవద్దని కాలిఫోర్నియా జలవనరుల బోర్డు ప్రత్యేకంగా హెచ్చరించవలసి వచ్చింది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ మురుగు కాలువలో వైప్స్, కొవ్వు కలిసి గట్టిపడిన 250 మీటర్ల ముద్ద దొరికింది. దాని బరువు 130 టన్నులని లెక్కగట్టారు. అక్కడ కాలువ శుభ్రం చేసింది నీటి సంస్థ. మీ ఇంటి నుండి వీధి కాలువ దాకా ఉన్న గొట్టం పూడితే మాత్రం చాలా ఊళ్లలో ఆ ఖర్చు ఇంటి యజమానిదే. అందుకే ప్రతి టాయిలెట్లోనూ మూత ఉన్న చెత్తబుట్ట పెట్టు. బిరియానీ వండిన గిన్నెలోని నూనె కూడా సింకులో పోయవద్దు.

ఎప్పుడైనా కమోడ్ పూడితే ఆమ్లాలూ క్షారాలూ పోయకు. అవి అక్కడే నిలిచి, తరువాత చేయి పెట్టే ప్లంబరు మీద చింది గాయపరుస్తాయి. పూడికను ఒత్తి కదిలించే, అడుగున రబ్బరు పెదవి ఉన్న ప్లంజరు ఒకటి కొని ఉంచు.

ఇంటి మొత్తానికి నీళ్లు ఆపే ప్రధాన వాల్వు ఎక్కడుందో ముందు నువ్వు వెతికి, దానికొక ఎర్ర గుడ్డ కట్టి, మామగారి చేత ఒకసారి తిప్పించి చూడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ