ఫార్మాట్ అనే ముందు

తమ్ముడూ,

విండోస్ 10 నుంచి 11కి మారాక కంప్యూటర్ ఎందుకు లేవదో నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. బాగానే రాశావు. కానీ చివర్లో "అప్పటికీ రాకపోతే ఫార్మాట్ చేసేయండి" అన్నావే, ఆ ఒక్క వాక్యం నాకు రాత్రి నిద్ర లేకుండా చేసింది.

2002లో నేను విండోస్ 98 మీద ఎక్స్‌పీ వేయించాను. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద 'ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్' అని ఒకటే ముక్క. షాపు కుర్రాడు ఫార్మాట్ కొట్టి, కొత్తదానిలా ఉందండీ అని చేతికిచ్చాడు. డెస్క్‌టాప్ మీద దాచుకున్న పదకొండు కథలు పోయాయి, డెస్క్‌టాప్ కూడా సీ డ్రైవ్‌లోనే ఉంటుందని నాకప్పుడు తెలీదు. కనపడకుండా పోయింది విండోస్‌ని లేపే చిన్న ఫైలు, నా కథలు కాదు! ఆ డిస్కు విప్పి ఇంకో కంప్యూటర్‌కి తగిలించి ఉంటే అన్నీ కాపీ అయ్యేవి.

అందుకని కంప్యూటర్ లేవకపోతే ఫైళ్లు పోయినట్టు కాదని మొదటి పేరాలోనే రాయి. ముందు వాటిని బయటికి తీసుకోమను, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ వెతుక్కోమను. అప్‌గ్రేడ్ అయి పది రోజులు దాటకపోతే, విండోస్ లేవనప్పుడు వచ్చే రికవరీ మెనూలో 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్'కి వెళ్లి పాత విండోస్‌కి తిరిగి రావచ్చు, ఫార్మాట్ కొడితే ఆ దారీ మూసుకుపోతుంది.

విండోస్‌ని లేపే భాగాన్ని బాగుచేయడానికి 'బూట్‌రెక్ ఫిక్స్‌బూట్' అనే కమాండ్ కొట్టమన్నావు. పాత బయోస్ పద్ధతి బదులు యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిలో లేచే మెషిన్లలో అది చాలాసార్లు 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అంటుంది, అప్పుడేం చేయాలి పాఠకుడు? బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కి సీ, డీ లాంటి ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి, బీసీడీబూట్ అనే కమాండ్‌తో బూట్ ఫైళ్లు మళ్లీ రాయించాలి. రికవరీలో సీ డ్రైవ్ కాస్తా డీ అయి కూర్చోవచ్చు, డిస్కు భాగాలు చూపించే డిస్క్‌పార్ట్‌లో 'లిస్ట్ వాల్యూమ్' కొట్టి చూసుకోమని నువ్వు చెప్పలేదు. విండోస్ 11 కోసమని బయోస్ సెట్టింగ్స్‌లో లెగసీ అనే పాత పద్ధతి తీసేసి యూఈఎఫ్‌ఐ పెట్టేవాళ్లుంటారు, డిస్కేమో ఇంకా పాత పద్ధతికి సరిపడే ఎంబీఆర్ అమరికలోనే ఉంటుంది. వాళ్లకి ఏ కమాండూ అక్కర్లేదు, సెట్టింగ్ వెనక్కి తిప్పితే లేస్తుంది.

శీర్షిక గురించి అడిగావు. 'చిటికెలో' అన్న మాట తీసెయ్. ఒకప్పుడు నేను కంప్యూటర్ కాలమ్ రాస్తుంటే, ఫైళ్లు కాపీ చేసుకోమన్న పేరా మొత్తం చోటు లేదని కోసేసి, పైన 'చిటికెలో' అని పెద్దక్షరాల్లో వేశారు. ఆ సంపాదకుణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. చిటికెలో అని నమ్మినవాడు కంగారులో ఏ బటన్ పడితే అది నొక్కుతాడు.

ఆ ఫార్మాట్ వాక్యం తీసేసి మళ్లీ పంపు. మీ అత్తయ్య కంప్యూటర్ చివరికి ఎలా లేచిందో మధ్యలోనే వదిలేశావు, అది కూడా రాయి.