అమ్మేసిన కారు పాడైందని అప్పు చేసి డబ్బు కడతారా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాం. ప్రైవేట్ జాబ్, చేతికి నెలకి 92 వేలు. సెప్టెంబర్‌లో నా పాత డీజిల్ కారుని సిద్దిపేట సైడ్ అతనికి డైరెక్ట్‌గా 3.4 లక్షలకి అమ్మాను, మధ్యలో బ్రోకర్ లేడు. తన మెకానిక్‌ని తెచ్చుకుని, ఔటర్ రింగ్ రోడ్ మీద ఒక రౌండ్ కొట్టి మరీ తీసుకున్నాడు. ఆరు వారాలకి ఇంజిన్ సీజ్ అయి బిగుసుకుపోయిందట, రిపేర్‌కి 1.2 లక్షలట. సగం ఇవ్వు, లేదా బండి వెనక్కి తీసుకుని నా డబ్బు నాకిచ్చేయ్, లేకపోతే చీటింగ్ కేసు పెడతా అంటున్నాడు. జూలైలో చెక్ ఇంజిన్ లైట్ ఒకసారి వెలిగితే మా మెకానిక్ స్కానర్ పెట్టి క్లియర్ చేశాడు, మళ్ళీ రాలేదు. అది నేను చెప్పలేదు, అతనూ అడగలేదు. కారు డబ్బంతా కొత్త కారు డౌన్ పేమెంట్‌కి కట్టేశా, అకౌంట్‌లో 20 వేలు కూడా లేవు. ఇంటి ఈఎంఐ 38 వేలు, కారుది 16,500, ఇంటి ఖర్చు, స్కూల్ కలిపి 27 వేలు, మ్యూచువల్ ఫండ్ సిప్‌లు 10 వేలు. క్రెడిట్ కార్డు మీదో లోన్ యాప్‌లోనో 60 వేలు తీసుకుని ఇచ్చేసి వదిలించుకుందామా?

జవాబు: వద్దు. ముందు ఆ యాప్‌ని ఫోన్‌లోంచి తీసేయండి, తర్వాత మాట్లాడుకుందాం.

మీరు బాకీ ఉన్నారో లేదో ఇంకా తేలనే లేదు, అప్పుడే 60 వేలు ఎక్కడ తేవాలా అని వెతుకుతున్నారు. బెదిరించినవాడికల్లా అప్పు తెచ్చి ఇచ్చుకుంటూ పోతే ఎట్లా సార్? సెకండ్ హ్యాండ్ బండి వ్యాపారం చేసే డీలర్ వేరే, సొంత బండి ఒకసారి అమ్ముకున్న మనిషి వేరే. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ ప్రకారం ఆ సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాడి మీద పడే క్వాలిటీ బాధ్యత మామూలుగా మీలాంటి వాళ్ళ మీద పడదు, చూసుకుని కొనుక్కోవాల్సింది కొనేవాడే, పైగా ఇక్కడ అతను మెకానిక్‌ని పెట్టి చూపించుకున్నాడు కూడా. పాత డీజిల్ ఇంజిన్ ఆరు వారాల్లో సీజ్ అవ్వడానికి ఆయిల్ చూసుకోకపోవడం, టెంపరేచర్ ముల్లు ఎక్కినా ఆపకుండా తోలడం లాంటివి చాలా ఉంటాయి, అమ్మిన రోజే ఆ లోపం ఉందని చూపించాల్సింది అతను.

కానీ ఆ చెక్ ఇంజిన్ లైట్ సంగతి అంత తేలిగ్గా తీసుకోకండి. అడగని విషయం చెప్పకపోవడం ఒక్కటే మామూలుగా మోసం కిందకి రాదు. లోపం ఉందని తెలిసి కావాలని కప్పిపెట్టి అమ్మితే మాత్రం కాంట్రాక్ట్ యాక్ట్‌లో అది మోసమే. జూలైలో క్లియర్ అయ్యి సెప్టెంబర్ దాకా రాకపోతే మీ మాట నిలబడొచ్చు, అదే బేరానికి ముందు రోజు క్లియర్ చేయించారనుకోండి, అప్పుడు నేను ఇంత ధైర్యంగా రాసేవాణ్ణి కాదు. ప్రకటనలో, వాట్సాప్‌లో ఏం రాశారో మళ్ళీ చదవండి. 'బండి సూపర్' అనడం వేరు, 'ఇంజిన్‌లో ఎప్పుడూ ఏ ప్రాబ్లం రాలేదు' అనడం వేరు. ఏదీ డిలీట్ చేయొద్దు. ఇక చీటింగ్ కేసంటే అమ్మేటప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉందని తేలాలి, తర్వాత బండి ఆగిపోయిందని ఊరికే అయిపోదు. లీగల్ నోటీస్ వస్తే మాత్రం ఊరుకోకుండా లాయర్ దగ్గరికి వెళ్ళండి.

ఇంతకీ మీరు ఒక్క ముక్క కూడా రాయని విషయం ఒకటుంది, నాకు భయం దాని గురించే. ఆర్‌సీ అతని పేరు మీదకి మారిందా? ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి చేతిలో పెట్టేసి మర్చిపోవడం మన దగ్గర మామూలే. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆర్‌టీఏకి తెలియజేయాల్సింది అమ్మినవాడు, 30 రోజుల్లో బదిలీకి అప్లై చేయాల్సింది కొన్నవాడు. మారకుండా ఆ బండి ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం దగ్గర ఓనర్ అంటే రికార్డులో పేరున్నవాడే అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. ఇంజిన్ గొడవ 60 వేలది, ఇది లక్షల్లో ఉంటుంది. కొత్త కారు ఇన్సూరెన్స్‌కి పాత కారు ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు, వాడుకున్నారా? వాడుకుంటే పాత పాలసీని బదిలీ చేశారా, క్యాన్సిల్ చేశారా? మీ పేరు మీదే ఉండి, ఇన్సూరెన్స్ లేకుండా, రేపు రిపేరయ్యాక రోడ్డెక్కే బండిని ఊహించుకోండి. ఇవాళే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయండి. ఆ నంబర్ మీద చలాన్లు కూడా ఒకసారి చూడండి, ఇంజిన్ పోయిందన్న తేదీ తర్వాత ఏదైనా పడి ఉంటే కథ అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు అప్పు లెక్క. నెలకి 3.5 శాతం వేసే కార్డు మీద 60 వేలు ఉంచితే నెలకి 2,100 వడ్డీ, దాని మీద జీఎస్టీతో 2,478. క్యాష్ తీస్తే వడ్డీ మొదటి రోజు నుంచే, ఫీజు అదనం. మీ బడ్జెట్ చూస్తే ఈఎంఐలు 54,500, ఖర్చులు 27 వేలు, సిప్ 10 వేలు, అన్నీ పోగా నెలాఖరుకి మిగిలేది ఐదు వందలు! ఆ 2,478 ఎక్కడి నుంచి తెస్తారు, ఇంకో యాప్ నుంచా? బంగారం మీద లోన్ వీటికంటే చవకే, అయినా బాకీ ఉందో లేదో తేలని డబ్బుకి అదీ వద్దు.

ఈ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం అసలు కారు కాదు. పాత బండి అమ్మగానే వచ్చినదంతా తీసుకెళ్ళి డౌన్ పేమెంట్‌లో పోసేయడం, ఈఎంఐ తగ్గిందని సంతోషపడటం చాలామంది చేస్తున్నారు. ఆ 3.4 లక్షల్లో 2 లక్షలు పక్కన పెట్టి అంత మేరకి లోన్ ఎక్కువ తీసుకున్నా, 9.5 శాతం వడ్డీకి ఐదేళ్ళకి ఈఎంఐ 4,200 దాకా పెరిగేది, అది ఇంకా చిన్న కారు కొనుక్కోమని చెప్పే లెక్క. ఆ 2 లక్షలు అకౌంట్‌లో ఉంటే ఇవాళ అతని ఫోన్‌కి ఇంత వణికేవాళ్ళు కాదు, తాపీగా 'కాగితం పంపు, చూస్తా' అనేవాళ్ళు. మీ ఇంటికి ఈఎంఐలు, ఖర్చులు కలిపి నెలకి 81,500 కావాలి. మూడు నెలలకి 2,44,500, ఆరు నెలలకి దానికి రెట్టింపు. మీ దగ్గరున్నది మహా అయితే వారం రోజుల డబ్బు, అందులో ఉద్యోగం ప్రైవేట్.

కాబట్టి సిప్‌లు ఆపండి. అవును, ఆపమనే అంటున్నా, మార్కెట్ ఎక్కడికీ పోదు. ఆ 10 వేలు ప్రతి నెలా జీతం పడిన రోజే వేరే బ్యాంకులో ఆర్‌డీకి (రికరింగ్ డిపాజిట్‌కి) వెళ్ళాలి, బోనస్ వస్తే అదీ అక్కడికే. ఇలా మూడు నెలల ఖర్చు పోగవ్వడానికి రెండేళ్ళ దాకా పడుతుంది, బోనస్ కలిస్తే తొందరగా అవుతుంది, అప్పటిదాకా కొత్త ఈఎంఐ ఏదీ వద్దు, ఫోన్‌తో సహా. కంపెనీ ఇచ్చే హెల్త్ కవర్ ఒక్కటే ఉంటే సొంతది తీసుకోవడం గురించి దీని తర్వాత చూద్దాం.

అతనికి ఫోన్‌లో ఏమీ ఒప్పుకోకండి. మెకానిక్ రాసిచ్చిన ఎస్టిమేట్, ఇంజిన్ విప్పిన ఫోటోలు, కొన్న రోజు, ఆగిన రోజు కిలోమీటర్ల రీడింగ్ పంపమని మెసేజ్ పెట్టండి. బండి వెనక్కి తీసుకునే మాట అసలు ఎత్తొద్దు, ఆ 3.4 లక్షలు మీ దగ్గర లేవు. అన్నీ చూశాక, ఆ లైట్ సంగతి మీ మనసుని తొలిచేస్తుంటే ఏదో కొంత ఇద్దామనిపించొచ్చు, తప్పేం లేదు. అది జీతంలోంచి, ఇవ్వగలిగినంతే, ఇక దీని మీద ఏ క్లెయిమూ లేదని అతని సంతకం తీసుకున్నాక, అంతకంటే ముందు ఆర్‌సీ అతని పేరు మీదకి మారాక.