ఖాళీ కుర్చీల ముందు మొదలుపెట్టు

చిరంజీవికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సమాజాలు ఎందుకు దిగజారుతాయి, దిగజారుతున్నదాన్ని నాలాంటి మామూలు మనిషి నిలబెట్టగలడా, లేక నా బతుకు నేను చూసుకోవడమే తెలివైన పనా అని అడిగావు. నీకు ధైర్యం చెప్పి పంపించడం సులువు. కానీ ఆ ధైర్యం మొదటి సమావేశానికి నలుగురే వచ్చిన రోజున ఆవిరైపోతుంది కాబట్టి, నాకు తెలిసినంతలో జరిగేది జరిగినట్టుగా రాస్తున్నాను.

ముందుగా ఒక జాగ్రత్త. ప్రతి పతనానికీ జనం నడవడికే కారణమని చెప్పేవారిని నమ్మకు. 541లో తూర్పు రోమన్ సామ్రాజ్యం మీద పడిన ప్లేగుకు గానీ, 16వ శతాబ్దంలో అమెరికా ఖండాల మూలవాసులను తుడిచిపెట్టిన మశూచికి గానీ ఆ ప్రజల నీతితో సంబంధం లేదు. కుర్రకారు చెడిపోయిందన్న ఫిర్యాదు ప్రతి తరంలోనూ ముసలివాళ్లు చేసేదే; నా ఈడువాళ్లు చేస్తే విని ఊరుకో. మనం ఆలోచించవలసింది బయటి దెబ్బ తగలడానికి చాలా ముందే లోపల బీటలువారిన సమాజాల గురించి.

ఇటలీలో ఒకప్పుడు స్వతంత్ర రాజ్యంగా ఉన్న వెనిస్ నగరాన్ని చూడు. దాని సముద్ర వర్తకం పెరిగిన తొలి శతాబ్దాల్లో అక్కడ ఒక ఒప్పంద పద్ధతి ఉండేది. డబ్బున్నవాడు పెట్టుబడి పెట్టేవాడు, డబ్బులేని యువకుడు సరుకుతో ఓడెక్కి వ్యాపారం చేసుకుని వచ్చేవాడు, లాభంలో ఇద్దరికీ వాటా దక్కేది. ఆ వాటాలతో కొత్తవాళ్లు పైకొచ్చారు, పైకొచ్చి నగర మహామండలిలో కూర్చున్నారు. 1297లో, అప్పటికే మండలిలో చోటున్న కుటుంబాలకు తప్ప మిగిలినవారికి ప్రవేశాన్ని దుర్లభం చేసే నిబంధనలు తెచ్చారు. తరవాతి దశాబ్దాల్లో సభ్యత్వం పుట్టుకతో వచ్చే హక్కుగా మారింది, 1506 నుంచి పెద్ద కుటుంబాల జననాలను నమోదు చేయడానికి ప్రత్యేకంగా ఒక పుస్తకమే పెట్టారు. మరునాడు ఏమీ కూలలేదు. ఆ నగరపు వైభవంలో ఎక్కువ భాగం ఆ తరవాతే వచ్చింది. చివరికి 1797 మే 12న, నెపోలియన్ సైన్యం ముంగిట నిలిచినప్పుడు, అదే మండలి తనను తాను రద్దు చేసుకుంటూ ఓటు వేసింది. అట్లాంటిక్ ఓడదారులు తెరుచుకోవడం, ఓటోమన్లతో యుద్ధాలు వంటి వేరే కారణాలు లేకపోలేదు. అయితే తలుపు మూసిననాటికీ ఇల్లు కూలిననాటికీ మధ్య 500 ఏళ్లు గడిచాయన్నది గుర్తుపెట్టుకో. ఆ మధ్యకాలంలో పుట్టి పోయినవాళ్లలో చాలామంది తాము పతనంలో బతుకుతున్నామని అనుకుని ఉండరు.

తలుపు ఎలా మూసుకుంటుందో నాకు చరిత్ర పుస్తకాల్లో తెలియలేదు. నేనే ఒకటి మూశాను. ఒక పౌర సంఘానికి 14 ఏళ్లు కార్యదర్శిగా ఉన్నాను. మొదటి రెండేళ్లు సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదువుతుంటే సభ్యులు మధ్యలో ఆపి ప్రశ్నలు వేసేవారు, నాకు చిరాకుగా ఉండేది. ఐదో ఏటికి ప్రశ్నలు ఆగిపోయాయి. ‘మీరున్నారుగా, మీరు చూసుకుంటారు’ అనేవారు. అది గౌరవమని మురిసిపోయాను. ఏటేటా ఏకగ్రీవంగా ఎన్నికవుతూ వచ్చాను. పదో ఏట కోరం లేక సమావేశం జరగకపోతే, మినిట్స్ పుస్తకాన్ని ఇంటింటికీ పంపి సంతకాలు చేయించాం. ఆ పుస్తకం ప్రకారం అసలు జరగని సమావేశం నిండుగా జరిగింది. సంతకం చేసినవాళ్లలో చెడ్డవాడు ఒక్కడూ లేడు, సంఘం సొమ్ము చిల్లిగవ్వ కూడా పోలేదు. అయినా నేను తప్పుకున్న ఏడాదికే సంఘం మూతపడింది, ఎందుకంటే ఆ పని చేయగల రెండో మనిషిని తయారుచేయాలన్న ఆలోచనే నాకు రాలేదు. మంచివాళ్లందరూ కలిసి ఒక సంస్థను ఎలా చంపగలరో చూడాలంటే ఇంతకు మించిన ఉదాహరణ నా దగ్గర లేదు.

పోలండ్ సంగతి పైకి దీనికి తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడి పార్లమెంటులో కులీన ప్రతినిధి ప్రతి ఒక్కరికీ అడ్డుచెప్పే హక్కు ఉండేది. 1652లో ఒకే ఒక్కడు సభా గడువు పొడిగింపుకు ఒప్పుకోకపోవడంతో సమావేశాలు ఫలితం లేకుండా ముగిశాయి, అది ఆనవాయితీ అయింది. 1733 నుంచి 1763 వరకు ఏలిన మూడవ అగస్టస్ కాలంలో ఆ సభ చట్టాలు చేయగలిగింది ఒక్క 1736లోనే. ఇరుగుపొరుగు రాజ్యాలు దాన్ని స్తంభింపజేయడానికి సైన్యం పంపనక్కరలేదు, ఒక ప్రతినిధిని కొనుక్కుంటే సరిపోయేది. 1791 మే 3 నాటి రాజ్యాంగంతో ఆ హక్కును ఎత్తివేశారు, కానీ ఆ ఇరుగుపొరుగు రాజ్యాలు 1772లో మొదలుపెట్టిన దేశ పంపకం 1793లో, 1795లో కొనసాగి దేశమే పటం మీద లేకుండా పోయింది. వెనిస్‌లో కొందరికే తలుపు తెరిచారు, పోలండ్‌లో లోపల ఉన్నవాళ్లలో ఎవడైనా తలుపుకు అడ్డంగా నిలబడవచ్చన్నారు. రెండుచోట్లా జబ్బు ఒకటేనని నా అభిప్రాయం: ఉమ్మడి పని మీద పెత్తనం ఉన్నవాడికి దాని బరువు తెలియదు, బరువు మోసేవాడికి పెత్తనంలో పాలు లేదు. అలా కొంతకాలం సాగితే మోసేవాడు కూడా మెల్లగా భుజం తప్పిస్తాడు.

తప్పించాక ఏం జరుగుతుందో నీ ఉత్తరంలోనే ఉంది. తప్పు జరుగుతోందని అందరికీ తెలుసు. తెలిసినవాళ్లలో ప్రతి ఒక్కరూ ఇది నాకొక్కడికే బాధగా ఉన్నట్టుందని అనుకుంటారు. లంచం ఇచ్చేవాడు అందరూ ఇస్తున్నారని ఇస్తాడు, వరుస తప్పేవాడు నిలబడితే మోసపోయేది తానేనని తప్పుతాడు. ఇది దుర్మార్గం కన్నా ఒక రకమైన అంచనా, పక్కవాడు కదలడన్న అంచనా. నీలాంటివాడికి కొంత చోటు దొరికేది ఇక్కడే, ఎందుకంటే దుర్మార్గాన్ని మార్చడం నీ తరం కాదు గానీ, పక్కవాడి అంచనా తప్పని అతని కళ్లముందు చూపించడానికి కొద్దిమంది చాలు.

మళ్లీ పోలండ్‌కే వస్తాను. ఆ దేశం తిరిగి పటం మీదికి వచ్చి, కమ్యూనిస్టు పాలనలో ఉన్న కాలం. 1976 జూన్‌లో ఆహారపు ధరల పెంపును ఎదిరించిన కార్మికులను కొట్టారు, జైలుకు పంపారు, ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆ సెప్టెంబరులో 14 మంది కలిసి ఒక కమిటీ పెట్టారు. వాళ్లు వ్యవస్థను మారుస్తామని ప్రకటించలేదు. అరెస్టయినవారికి వకీళ్లను వెతికారు, కుటుంబాలకు డబ్బు పోగుచేసి ఇచ్చారు, విచారణ జరిగేటప్పుడు కోర్టులో వెళ్లి కూర్చున్నారు. తమ ప్రకటన కింద పేర్లతో పాటు చిరునామాలూ టెలిఫోన్ నంబర్లూ అచ్చువేశారు. నాలుగేళ్లకు గ్డాన్స్క్ ఓడల కర్మాగారపు సమ్మెలోంచి పుట్టిన సాలిడారిటీ కార్మిక సంఘంలో సుమారు కోటిమంది చేరారు. 1981 డిసెంబరులో సైనిక శాసనం విధించి దాన్ని అణిచారు, 1989 జూన్ ఎన్నికల్లో అది మళ్లీ లేచింది. ఇదంతా ఆ 14 మంది వల్లే జరిగిందని అనను. దేశపు అప్పులూ, మాస్కోలో వచ్చిన మార్పులూ కూడా తోడయ్యాయి. నువ్వు నేర్చుకోవలసింది వాళ్లు ఎంచుకున్న పని పరిమాణం. దెబ్బతిన్న మనిషి ఎవరో తెలిసిన పని, వారంలో ఇంత చేశామని చెప్పుకోగల పని, సొంత పేరుతో చేయగల పని. సొంత పేరు పెట్టడం ప్రమాదమయ్యే చోట్లు ఉన్నాయి. అక్కడ ఎంతవరకు వెళ్లాలో నువ్వూ నీ ఇంటివాళ్లూ తేల్చుకోవాలి, దూరంగా కూర్చుని నీ తరఫున సాహసం చేసే అర్హత నాకు లేదు.

ఓపిక సంగతి కూడా చెప్పాలి. 1787 మే 22న లండన్‌లో ఒక ముద్రణాలయంలో 12 మంది కూర్చుని బానిస వ్యాపారాన్ని ఆపించాలనుకున్నారు. వారిలో తొమ్మిదిమంది క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు, తమ మతం ప్రమాణం చేయనివ్వదు కాబట్టి పార్లమెంటులో అడుగుపెట్టే వీలే లేనివాళ్లు. ఆ 12 మందిలో ఒకడైన థామస్ క్లార్క్‌సన్ రేవు పట్టణాలు తిరిగి నావికుల సాక్ష్యాలు రాసుకున్నాడు, సంకెళ్లు కొని తెచ్చి చూపించాడు. 1791లో బిల్లుకు అనుకూలంగా 88, వ్యతిరేకంగా 163 ఓట్లు పడి అది ఓడిపోయింది. అప్పుడు బానిసలు పండించిన చక్కెరను లక్షలమంది మానేశారు, మరుసటి ఏడు పార్లమెంటుకు 500కు పైగా వినతిపత్రాలు వచ్చాయి. 1793లో ఫ్రాన్స్‌తో యుద్ధం రాగానే సంస్కరణ మాట ఎత్తినవాడల్లా అనుమానితుడయ్యాడు, కమిటీ ఏళ్ల తరబడి మూలపడింది. వ్యాపారం నిషేధమైంది 1807లో, బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం వచ్చింది 1833లో. అప్పుడు కూడా 2 కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకే ముట్టింది, బానిసలుగా బతికినవారికి ఏమీ దక్కలేదు. 1791లో ఫ్రెంచివాళ్ల వలస సాన్-డొమాంగ్‌లో (ఇప్పటి హైతీ), 1831లో బ్రిటిష్‌వాళ్ల వలస జమైకాలో బానిసలే తిరగబడకపోతే ఆ చట్టం ఇంకెంత ఆలస్యమయ్యేదో. అందుకే, బాధితుల కోసం పనిచేస్తున్నామని చెప్పేవాళ్లు బాధితులను తమ బల్ల దగ్గర కూర్చోబెట్టారో లేదో నేను ముందుగా చూస్తాను. నువ్వూ చూడు.

ఇక నీ పని. ఒక్క విషయం ఎంచుకో, అది నీకు చిన్నదిగా అనిపించాలి. నీతో అన్నిటికీ తల ఊపేవాళ్లతోనే కమిటీ నింపకు, నీ లెక్కల్లో తప్పు పట్టే మనిషిని అడిగి మరీ కోశాధికారిగా పెట్టుకో. జమాఖర్చులు ప్రతి సమావేశంలో చదవండి, ఎవరూ ప్రశ్న వేయకపోతే నువ్వే ఒకటి వెయ్యి. ఏ పదవీ రెండేళ్లకు మించి ఎవరి దగ్గరా ఉండకూడదని మొదటి రోజే రాసుకోండి, ఆ నిబంధన ముందుగా నీకే వర్తించాలి. ‘మీరు తప్ప ఇంకెవరున్నారు’ అని నిన్ను ఎవరైనా బతిమాలితే, ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, ఆ రోజే రెండో మనిషికి పని నేర్పడం మొదలుపెట్టు. కోపం వచ్చినప్పుడు ‘ఈ జనం’ అనే మాటతో వాక్యం మొదలుపెట్టకు. అలా మాట్లాడటం అలవాటైనవాళ్లు చివరికి ఇంట్లో కూర్చోవడానికి సాకు వెతుక్కుంటారు.

మొదటి సమావేశం ముగిసి అందరూ లేచే ముందు, తరవాతి సమావేశపు తేదీ మినిట్స్ పుస్తకంలో రాయించు. మొదటిదానికి కుతూహలంతో ఎవరైనా వస్తారు. రెండోదానికి ఎంతమంది వచ్చారో, వారిలో ఎవరు జమాఖర్చుల మీద ప్రశ్న అడిగారో నాకు ఉత్తరం రాయి.

ఇట్లు,
నీ క్షేమం కోరే పెద్దవాడు