గుల్లల వేటకు రెండు నెలలు సెలవిస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: కాకినాడ అఖాతంలో దొరికే గుల్లలు (రెండు చిప్పల మధ్య మాంసం ఉండే జీవులు) ఏటికేడు చిన్నవైపోతున్నాయి, చేపల వేటకు ఉన్నట్టు వీటికీ రెండు నెలల నిషేధం పెడితే మళ్ళీ కోలుకుంటాయా?

కొంత కోలుకుంటాయండీ. కానీ ఒక్క నిషేధాన్ని నమ్ముకుంటే లాభం లేదు. గుల్లల్ని కాపాడే పని నీళ్ళలో కంటే కాటా దగ్గరే ఎక్కువ జరగాలన్నది నా అభిప్రాయం. ఎగుమతి కంపెనీలో సరుకు కొనే పని చేశాను. అందులో కొన్నేళ్ళు కేరళలో కొల్లం పక్కన అష్టముడి సరస్సు దగ్గరే ఉన్నాను కాబట్టి అక్కడ చూసిందే చెబుతున్నాను.

అష్టముడిలో దొరికేది పసుపు రంగు పాదం ఉండే చిన్న గుల్ల. 1980ల మొదట్లో దీనికి విదేశాల్లో గిరాకీ వచ్చింది. ఇక చూడండి, 1991లో దిగుబడి 10,000 టన్నుల దాకా వెళ్ళింది, 1993 నాటికి సగానికి పడిపోయింది. అప్పుడు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చెప్పిన సూచనల మీద నియమాలు వచ్చాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వేట బంద్. అడుగు గోకి గుల్లల్ని తీసే గోకుడు వలకు కన్ను 30 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. యంత్రాలతో తవ్వకూడదు. నాలుగోది అసలైనది: కిలో మాంసంలో 1,400 గుల్లలకు మించి తూగే చిన్న సరుకు ఎగుమతికి పనికిరాదు.

ఈ నాలుగోది ఎలా పనిచేస్తుందో చెబుతాను. పడవల్లో తెచ్చిన గుల్లల్ని ఒడ్డున ఆడవాళ్ళు ఉడికించి, జల్లెడలో ఊపి మాంసం వేరు చేసి, మా షెడ్డుకు తెచ్చేవాళ్ళు. మేం అందులోంచి వంద గ్రాములు తూచి, స్టీలు బల్ల మీద పరిచి, ఒక్కొక్కటీ వేలితో పక్కకు జరుపుతూ లెక్కపెట్టేవాళ్ళం. 140 లోపు వస్తే సరుకు లోపలికి. 170, 180 వచ్చిందంటే ఆ లాట్ వెనక్కే. కట్టెలు తగలేసి, చేతులు కాల్చుకుని తెచ్చిన మనిషి ఊరుకుంటుందా? పెద్ద గొడవే అయ్యేది. నిజానికి అప్పటికే ఆ గుల్లలు చచ్చిపోయాయి, వెనక్కి పంపినా అవి బతకవు. కానీ ఆ కోపం సాయంత్రానికి ఆమె ఇంట్లో పడవ నడిపే మనిషి మీదికి వెళ్ళేది. మర్నాడు అతను పడవలోనే జల్లెడ పట్టి, చిన్నవాటిని ఎక్కడ తీశాడో అక్కడే నీళ్ళలో పోసేవాడు. ఇన్‌స్పెక్టరు పడవ రోజూ తిరిగినా రాని మార్పు ఇది. ఒడ్డుకు తెచ్చాక ఏరి పారేస్తే మాత్రం ఏం లాభం లేదు, ఎండకు చచ్చిపోతాయి.

ఇక నిషేధం సంగతి. గుల్లలు కదిలి వెళ్ళి జతకట్టేవి కావు. ఆడవి గుడ్లనూ మగవి వీర్యాన్నీ నీళ్ళలోకి వదిలేస్తాయి. దగ్గరదగ్గరగా గుంపుగా ఉంటేనే అవి కలిసేది. గుల్లలు పెరిగే దిబ్బంతా ఊడ్చేసి ఇక్కడొకటి అక్కడొకటి మిగిల్చాక ఎన్ని నెలలు సెలవిచ్చినా పిల్ల తక్కువే పడుతుంది. అందుకే నీళ్ళు సముద్రంలో కలిసే మొగకు దగ్గరలో, వరద మంచినీళ్ళు అంతగా తగలని చోట, బాగా గుంపుగా ఉన్న ఒక దిబ్బను ఏడాది పొడవునా ముట్టుకోకుండా వదిలేయమంటాను. ఇదీ, సెలవూ రెండూ కావాలి. వేరే చోట పిల్ల గుల్లలు కిక్కిరిసి ఉంటే కొంత తీసి పలచబడ్డ దిబ్బల్లో చల్లుకోవచ్చు కూడా.

అష్టముడి నెలల్ని మాత్రం మీరు కాపీ కొట్టకండి. వాళ్ళ వానలు వేరు, గోదావరి వరద వేరు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే నిషేధం మరబోట్ల కోసం పెట్టింది, గుల్లల్ని చూసి పెట్టింది కాదు. నెలకోసారి పాతిక ముప్పై గుల్లలు కోసి చూడండి. లోపల మీగడలా నిండుగా ఉబ్బి ఉన్న నెల తర్వాత ఒక్కసారిగా నీరసించి పలచగా కనిపిస్తే, గుడ్లు వదిలేశాయని అర్థం. సెలవు ఆ రోజుల్లో పడాలి. బుడిత గుల్ల అనే రకానికీ మిగతా రకాలకూ ఇది ఒకేసారి రాకపోవచ్చు, కాబట్టి విడివిడిగా చూడాలి. 30 మిల్లీమీటర్ల లెక్క కూడా అంతే, అది ఆ జాతికి కుదిరింది.

మీ దగ్గర ఇంకో చిక్కుంది. అష్టముడిలో కొనేవాడికి మాంసం కావాలి కాబట్టి సైజు అడుగుతాడు. సున్నం బట్టీకి పోయే గుల్లకు సైజుతో పనేముంది? చిన్నదైనా పెద్దదైనా బస్తా లెక్కే. అలాంటి చోట కిలోకు ఇన్ని గుల్లలే అనే కౌంటు నియమం కాగితం మీదే ఉంటుంది. బతికున్న గుల్లల్ని బట్టీకి కొనకూడదన్న ఒప్పందం ముందు కావాలి.

దిబ్బ ఎవరిదన్నది కూడా తేలాలి. వియత్నాంలో బెన్ త్రే ప్రాంతపు గుల్లలకు 2009లో ఎంఎస్‌సీ (మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) గుర్తింపు, అంటే సరుకు తరిగిపోకుండా వేటాడుతున్నారని ఇచ్చే సర్టిఫికెట్, వచ్చింది. అక్కడ దిబ్బలు సహకార సంఘాల చేతిలో ఉన్నాయి, ఎప్పుడు తీయాలో సంఘమే చెబుతుంది. అష్టముడికి అదే గుర్తింపు 2014లో వచ్చింది, మన దేశంలో మొదటిది అదే. సర్టిఫికెట్ వస్తే ధర అమాంతం పెరిగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నా దృష్టిలో దానివల్ల పెద్ద లాభం, మత్స్యశాఖ, వేటగాళ్ళు, వ్యాపారులు ఒకే బల్ల దగ్గర కూర్చోవాల్సి రావడం.

వేటగాళ్ళు వందల్లో ఉంటారు, కొనేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. మీరైతే ముందు కొనేవాళ్ళతోనే మొదలుపెట్టండి. అందరూ ఒకే సైజుకు ఒప్పుకోవాలి. ఒక్కడు చాటుగా చిన్నవి కొన్నా మిగతావాళ్ళూ వారం తిరక్కుండా అదే పని చేస్తారు. మీ వైపు ఎక్కువ పోయేది మాంసానికా, సున్నానికా, ఏ రకం గుల్ల ఎక్కువ పడుతోంది, కింద కామెంట్లో రాయండి. దాన్నిబట్టి ఎంత సైజు దగ్గర ఆపొచ్చో మాట్లాడుకుందాం.