జిరాక్స్ షాపులో విత్తనాల డబ్బా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: హన్మకొండలో అద్దె ఇల్లు, బంగ్ల మీద పది పన్నెండు కుండీలు, ఏటేటా ప్యాకెట్లు కొనేబదులు తెలిసినవాళ్ల దగ్గర ఊరి విత్తనం తీసుకుంటే మొలుస్తదా, మొలిచినా కాస్తదా అని. మొలుస్తది. కాసుడు మాత్రం, ఇచ్చినవాళ్లు ఏం చెప్పి ఇచ్చిండ్రు అన్నదాని మీద ఉంటది. నాకు ఈ సంగతి ఒక చిక్కుడు తీగ వల్ల తెలిసింది.

నాది చిన్న జిరాక్స్ షాపు. ఆరేడేండ్ల కింద పింఛను కాగితాల కోసం ఒక అవ్వ వచ్చింది. పైసలిచ్చేందుకు కొంగుముడి విప్పితే చిల్లరతో పాటు నాలుగు చిక్కుడు గింజలు టేబుల్ మీద పడ్డయి. నల్లగా నిగనిగలాడుతున్నయి, ఒక పక్కకు మాత్రం సున్నంతో గీసినట్టు తెల్లటి గీత. బాగున్నయి అవ్వా అన్న, అంతే. నాలుగూ నా చేతిల పెట్టి "బంగ్ల మీద పెట్టుకో కొడుకా" అని వెళ్లిపోయింది. ఎప్పుడు పెట్టాలె, ఎట్ల పెట్టాలె అని నేను అడగలేదు.

సంక్రాంతి దాటినంక పెట్టిన. నాలుగూ మొలిచినయి. బట్టలారేసే తీగ నిండింది, డిష్ గొడుగు కనబడకుండ పోయింది, పక్కింటి పిట్టగోడ దాక పాకింది. ఒక్క పువ్వు లేదు. ఎరువుల షాపులో అడిగితే పొటాష్ వేయమన్నరు, వేసిన. ఆకులు ఇంకా పచ్చబడ్డయి. మా ఆవిడ బట్టలు ఆరేసేందుకు జాగ లేదని రోజూ గులుగుడే. మొదటి వాన పడ్డంక విసుగొచ్చి మొత్తం పీకేసిన.

బతుకమ్మ పండుగ ముందు అవ్వ మళ్లీ వచ్చింది. "కాసిందా కొడుకా?"

"లేదవ్వా, పీకేసిన."

"ఎప్పుడు పెట్టినవ్?"

"సంక్రాంతి అయినంక."

అవ్వ నవ్విన నవ్వుకు హాల్ టికెట్ల కోసం నిలబడ్డ పిల్లలు గూడ తిరిగి చూసిండ్రు. "మిరుగానికి పెట్టాలె. దసరా వెళ్లి సలి వడుతుంటే పూస్తది. ఎండకాలం తీగే పారుతది గని కాయ గాదు."

మిరుగం అంటే మృగశిర కార్తె, జూన్ మొదట్ల. తర్వాత నాకు తెలిసిందేమంటే, పాతరకం చిక్కుడుకు చలి కంటే పగటి పొడుగే లెక్క. పగలు కురచై రాత్రి పెరుగుతుంటేనే దానికి పూత. పగలు పెరిగే రోజుల్లో ఎంత మేపినా తీగనే పెంచుకుంటది. ఏడాది పొడుగునా కాసే పొట్టి రకాలు వేరే ఉన్నయి, అవి వేరే సంగతి. నేను పీకకుండా ఇంకో నాలుగు నెలలు ఓపిక పట్టి ఉంటే గంపలకొద్ది కాసేది.

ఆ ఏడే షాపులో ఒక స్వీట్ల డబ్బా పెట్టిన. సగం పడ్డ జిరాక్స్ కాగితాలను పొట్లాలు కడతాం. లెక్కల మోడల్ పేపర్ వెనక పొట్ల గింజలు, ఫిజిక్స్ పేపర్ వెనక పుంటికూర. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా వేయొచ్చు. షరతు ఒక్కటే: పొట్లం మీద ఏ ఊరి విత్తనం, ఏ కార్తెల పెట్టాలె, దాని గుణమేంది అని రాయాలె. "తీగ చాలా దూరం పోతది, జాగ ఉంటేనే పెట్టుకోండి" అని ఒకరు రాసిండ్రు. "కాయ చిన్నగ ఉన్నప్పుడే తెంపాలె" అని ఇంకొకరు. ఆ అక్షరాలు లేని పొట్లాలు డబ్బాల అట్లనే ఉండిపోతయి. వెనకట ఊళ్లలో గింజలు నాగుకు, అంటే అప్పుకు, తెస్తే పంట మీద ఎక్కువ కొలవాల్సి వచ్చేది. మా డబ్బాకు నాగు లేదు, గని కాస్తే పిడికెడు తెచ్చి వేయమంటం. అందరూ వేయరు. నడుస్తనే ఉంది.

పొట్లం మీద రాసినా పరువు పోయిన ముచ్చట ఒకటి చెప్త. నర్సంపేట దిక్కు నుంచి చపాటా మిర్చి తెచ్చి పెట్టిన. టమాటా లెక్క ఉబ్బుగ, మంచి ఎరుపు, కారం తక్కువ, పచ్చడికి పెట్టింది పేరు. 2025లో దీనికి వరంగల్ పేరు మీదనే జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పక్క కుండీల మామూలు కారం మిర్చి ఉంది. చపాటా కాయలు చపాటా లెక్కనే కాసినయి, అనుమానం లేకుండ గింజ తీసి పంచిన. మరుసటి ఏడు ఒకామె షాపుకు వచ్చి పొడుగ్గా సన్నగా ఉన్న కాయ నా ముందు పెట్టి "ఇదేనా అన్నా మీ చపాటా" అన్నది. మిర్చి పూతకు తేనెటీగలు వస్తయి, పక్క రకం పుప్పొడి అంటుతది. ఆ తేడా ఆ కాయలో కనబడదు, దాని గింజ నాటినంకనే బయటపడుతది. ఇప్పుడు విత్తనానికి ఉంచే కొమ్మకు మొగ్గ మీదనే పాత చున్నీ గుడ్డతో సంచి కట్టి, రోజూ ఒకసారి తట్టుత. లోపల్లోపలే కాయ కడుతది. టమాటాకు, చిక్కుడుకు ఇంత బాధ లేదు, చాలావరకు వాటి పువ్వు వాటికే సరిపోతది. ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉన్న హైబ్రిడ్ గింజ మాత్రం దాచకండి, తర్వాతి తరం ఒక్క తీరుగ రాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను బీర ఇస్త. ఎందుకంటే దాని గింజ తీసుడు చూడాల్సిందే. ఒక కాయను తెంపకుండా తీగ మీదనే ఎండనిస్తే గోధుమరంగుకు తిరిగి గాలికి తేలిపోతది, చెవి దగ్గర ఊపితే గలగలమంటది. కొసన చిన్న మూత లాంటిది ఉంటది. బొటనవేలితో నెడితే టప్పున ఊడొస్తది. తలకిందులు చేస్తే లోపలి పీచు గదుల్లోంచి నల్లటి గింజలు జలజల రాలుతయి. మా చిన్నోడు ఆ మూతను మళ్లీ పెట్టి తీసి, పెట్టి తీసి, అరగంట ఆడిండు. బంగ్ల మీదికి పుప్పొడి మోసే పురుగులు రాకుండ పిందెలు పసుపుబడి రాలుతుంటే, పొద్దుగూకే ముందు, బీర పువ్వు విచ్చేదే అప్పుడు, మగపువ్వు తెంపి ఆడపువ్వు నడుమ అద్దండి. ఆడపువ్వు కింద చిటికెనవేలంత పిందె ఉంటది, గుర్తుపట్టుడు కష్టం కాదు. ఇంకొకటి: బీర, ఆనిగెపుకాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలుకకు అంటించుకోండి. చేదు తగిలితే కూరకూ వద్దు, విత్తనానికీ వద్దు.

దాచుడు సంగతి మీకు ఇంట్ల పెద్దోళ్లే చెప్తరు: నీడకు ఆరబెట్టి, బూడిద కలిపి, సీసా మూత గట్టిగ పెట్టుడే. ఎండకాలం స్లాబు మీద మాత్రం ఆరబెట్టకండి, విత్తనం ఉడికిపోతది. ఎవరైనా ఇస్తే ముందు పది గింజలు తడిగుడ్డల చుట్టి పెట్టండి, ఏడు మొలిస్తే చాలు. ఉల్లిగడ్డ విత్తనం ఏడాది దాటితే ఆశ పెట్టుకోకండి.

ఇట్ల పంచితే కేసులేమన్నా అయితయా అని షాపుల ఒకాయన అడిగిండు. 2001 నాటి కేంద్ర చట్టమే రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అంటది. ఆ చట్టం కింద రిజిస్టరై రక్షణ ఉన్న రకాన్ని బ్రాండు పేరు వేసి అమ్మొద్దు, అంతే.

మీకు డబ్బా దాక అక్కర లేదు. అంగడిల ఆకుకూరలు తెచ్చే అవ్వలను ఇద్దరిని పట్టుకోండి. "ముదురు కాయ ఒకటి ఉంచవ్వా" అంటే వచ్చే వారం తెస్తరు. తీసుకునేటప్పుడు నా లెక్క ఊకోకండి, ఎప్పుడు పెట్టాలె అని అడగండి.

మా చిక్కుడు అవ్వ నిరుడు మళ్లీ వచ్చింది. ఇంట్ల దాచిన గింజలకు పురుగు పట్టి మొత్తం పిండైనయట. డబ్బాల నుంచి ఆమె విత్తనాన్నే తీసి ఇచ్చిన. ఎంత సంబురపడుతదో అనుకున్న. అరచేతిల వేసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "గింజ సన్నబడ్డది కొడుకా" అన్నది. "ఆఖరుకు మిగిలిన కాయలే విత్తనానికి ఉంచుతున్నవా?"

అవును, తిన్నంక మిగిలినయే ఉంచేవాణ్ని. ఈసారి మొదటి కాపులోని మంచి గుత్తులు రెండింటికి ఎర్రదారం కట్టి పెట్టిన, మా ఆవిడ కూరకు తెంపకుండ.