కాబ్ దగ్గరే ఆగిపోకండి
యూదు మతం నుంచి ఇస్లాంలోకి మారి ముస్లిం ఆలోచన మీద ప్రభావం చూపినవాళ్ళ గురించిన సెమినార్ పేపర్‌కి కాబ్ అల్-అహ్బార్ ఒక్కరే దొరికారని, ఆయన కథలు నమ్మాలో వద్దో తేలక టెన్షన్‌గా ఉందని రాశారు కదా. ఆయన యెమెన్ యూదు పండితుడు, ఇస్లాంలోకి మారినవాడు. ఆయన పేరు మీద నడిచే పాత ప్రవక్తల కథల్లాంటి వాటినే ఇస్రాయీలియాత్ అంటారు, వాటిని 14వ శతాబ్దంలో ఖురాన్ వ్యాఖ్యాత ఇబ్న్ కసీరే అనుమానంగా చూశాడు. అందుకని "ఆయన చెప్పాడు" అనకుండా "ఆయన పేరు మీద ఉంది" అని రాయండి, సగం చిక్కు వీడిపోతుంది.

అసలు సరుకు 12వ శతాబ్దం బాగ్దాద్‌లో ఉంది. అబుల్ బరకాత్ అల్-బాగ్దాదీ అని ఒక వైద్యుడు, ముసలితనంలో మతం మారాడు (ఎందుకు మారాడన్నదానికి ఒక్కో చరిత్రకారుడిది ఒక్కో కథ, అందులో దిగితే బయటికి రాలేరు). కితాబ్ అల్-ముఅతబర్ అనే తన తత్వశాస్త్ర గ్రంథంలో ఆయన అరిస్టాటిల్‌నీ ముస్లిం తత్వవేత్త ఇబ్న్ సీనానీ నిలదీశాడు, కాలం చలనానికి కాదు ఉనికికి కొలత అన్నాడు. తర్వాత ఇస్లాం మతపండితుడు ఫఖ్రుద్దీన్ రాజీ ఆయన వాదనల్ని బాగానే వాడుకున్నాడు. ప్రభావం అంటే ఇలా వేలు పెట్టి చూపించగలగాలి.

ఇంకా కావాలంటే 1163లో మారిన గణితవేత్త సమవ్అల్ అల్-మగ్రిబీ, 1926లో మారి తర్వాత ఖురాన్‌ని ఇంగ్లీషులోకి అనువదించిన ముహమ్మద్ అసద్ ఉన్నారు. పేపర్ చిన్నదైతే మాత్రం వీళ్ళని చెరో వాక్యంలో దాటేసి అబుల్ బరకాత్ మీదే కూర్చోండి.